‘ఇంకెన్ని రోజులు రావాలమ్మా?’ – శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఫిజియోథెరపిస్టులకు బహిరంగ లేఖ

తోటి ఫిజియోథెరపిస్టులకు నమస్కారం.

2007 నుంచి శ్రీకాకుళంలో ఈ పని చేస్తున్నాను. మొదటి నాలుగేళ్ళు ఒక ప్రైవేటు కేంద్రంలో జీతానికి చేశాను. ఆ తర్వాత రెండు బల్లలు, ఒక కరెంటు మిషను, గోడకు బిగించిన ఒక కప్పీతో సొంతంగా చిన్న క్లినిక్ పెట్టుకున్నాను. మధ్యాహ్నాలు ఆమదాలవలస, నరసన్నపేట వైపు ఇళ్ళకు వెళ్ళి పక్షవాతం వచ్చినవారిని లేపి కూర్చోబెడతాను, నిలబెడతాను. మీలో కొందరు నాతో చదువుకున్నవారు, కొందరు నా దగ్గర పని నేర్చుకున్నవారు. ఈ ఉత్తరంలో ఉన్న సంగతులు మనం ఇద్దరం ముగ్గురం కలిసినప్పుడు గొంతు తగ్గించి చెప్పుకునేవే. నలుగురిలో ఎప్పుడూ చెప్పుకోలేదు. అందుకే రాస్తున్నాను.

మన బల్ల మీద పడుకున్న ప్రతి మనిషీ ఏదో ఒక రోజు ఒక ప్రశ్న అడుగుతారు. “ఇంకెన్ని రోజులు రావాలమ్మా?” మన వృత్తిలో ధర్మసంకటాలన్నీ ఈ ప్రశ్నకు ఏం జవాబు చెబుతామన్న దగ్గరే మొదలవుతాయని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

పొందూరు నుంచి ఒక నూలు వడికే ఆవిడ వచ్చేవారు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, సన్నటి నూలు తీసే ఊరు అది. ఆవిడకు యాభై దాటాయి, షుగరు ఉంది, ఎడమ భుజం పట్టేసింది. కుడిచేత్తో రాట్నం తిప్పుతూ ఎడమచేత్తో పోగును పైకి లాగాలి. ఆ చెయ్యే లేవడం లేదు. నేను పనిచేసే కేంద్రంలో అప్పుడు ఇరవై ఒక్క సిట్టింగుల ప్యాకేజీ ఉండేది. మోకాలైనా, మెడైనా, భుజమైనా అందరికీ ఇరవై ఒకటే. పట్టేసిన భుజం వదలడానికి ఏడాది నుంచి మూడేళ్ళు పడుతుందని, షుగరు ఉన్నవారిలో మరీ మొండికేస్తుందని, ఇంట్లో రోజూ చేసుకునే వ్యాయామమే దానికి ముఖ్యమని నాకు తెలుసు. నాలుగుసార్లు రప్పించి, శ్రద్ధగా నేర్పి, ఆ తర్వాత నెలకోసారి చూస్తే సరిపోయేది. ఆ మాట ఆవిడతో అనలేదు.

ఇరవై ఒకటో రోజు ఆవిడ చేతిసంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని బస్సు టికెట్లు బల్ల మీద పరిచారు. విశాఖపట్నంలో పనిచేసే కొడుక్కి లెక్క చూపించడానికి దాచారట. ఇప్పుడంటే 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సులో ఉచితం. అప్పుడు ప్రతి రూపాయికీ లెక్క ఉండేది. రానూ పోనూ నలభై రెండు టికెట్లు. చెయ్యి మొదటి రోజుకంటే నాలుగు వేళ్ళ ఎత్తు ఎక్కువ లేస్తోంది, అంతే. నూలు చుట్టకు, అంటే చిలపకు ఇంత అని కూలి వచ్చే పని ఆవిడది. ఆ ఇరవై ఒక్క రోజుల్లో రోజూ సగం పూట రాట్నం ఆగింది. “ఇంకెన్ని రోజులు రావాలమ్మా?” అని అడిగారు. మేనేజరు పక్క గదిలో ఉన్నాడు. “ఇంకో పది రోజులు” అన్నాను. ఆవిడ తల ఊపి, టికెట్లు మళ్ళీ కవరులో సర్దుకుని వెళ్ళారు. మర్నాడు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. నాకు హమ్మయ్య అనిపించింది. ఒక రోగి రాకపోతే ఊపిరి పీల్చుకునేదాకా నేను ఎలా వచ్చానా అని తర్వాత ఎన్నో రాత్రులు ఆలోచించాను.

ఇరవై ఒకటి అన్న లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో కొన్నాళ్ళకు తెలిసింది. రోగిని పంపిన డాక్టరుకు ఒక వాటా, కేంద్రానికి ఒక వాటా. అవి పోగా ఏమైనా మిగలాలంటే ఇరవై ఒక్క సిట్టింగులు కావాలి. ఆ అంకెకూ ఆవిడ భుజానికీ ఏ సంబంధమూ లేదు.

ఇది ఆ ఒక్కచోటే జరిగిందని మనలో ఎవరూ అనుకోరు. నేను సొంతంగా క్లినిక్ పెట్టిన మొదటి నెలలోనే “కేసుకు ఎంతిస్తారు?” అని ఫోనులో నేరుగా అడిగినవారున్నారు. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడమూ పుచ్చుకోవడమూ తప్పేనని డాక్టర్లకు 2002లో భారత వైద్యమండలి ఇచ్చిన ప్రవర్తనా నియమాలు స్పష్టంగా చెప్పాయి. అవి డాక్టర్ల నియమాలు, మనకు వర్తించవు అని మనవాళ్ళే కొందరు వాదిస్తారు. ఆ వాదన నాకు మింగుడుపడదు. ఆ డబ్బు డాక్టరు జేబులోంచీ రాదు, మన జేబులోంచీ పోదు. పొందూరు ఆవిడ కొంగుముడిలోంచి వస్తుంది.

కమీషన్ ఇవ్వడం మానేసిన ఏడాది నా ఆదాయం సగానికి పడిపోయింది. ఈ మాట దాచిపెట్టి మీకు నీతులు చెప్పను. క్లినిక్ అద్దె, మిషను మీద తీసుకున్న అప్పు, పాప చదువు అన్నీ ఆ ఏడాది మా ఆయన జీతం మీద నడిచాయి. ఆ ఆసరా లేని కొత్తవారిని ‘ఇవ్వకండి’ అని ఒంటరిగా నిలబెట్టడం న్యాయం కాదు. ఒకరు మానేస్తే ఆ రోగులు పక్క క్లినిక్‌కు వెళతారు, మానేసినవారు మూసుకుంటారు. రెండు జిల్లాల్లో కనీసం సగం మందిమి ఒక్కసారిగా మానేస్తేనే అడిగేవారు అడగడం ఆపుతారు. మనం కూడబలుక్కోవలసిన మొదటి విషయం ఇదే.

ఇక కరెంటు సంగతి. మన ప్రాంతంలో ఫిజియోథెరపీకి జనం పెట్టుకున్న పేరు ‘కరెంటు పెట్టించుకోవడం’. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016లో నడుం నొప్పి గురించి చెప్పినది మీకు తెలిసే ఉంటుంది. అల్ట్రాసౌండ్, టెన్స్, ఐఎఫ్‌టీ అనే కరెంటు చికిత్సలు, నడుమును లాగిపట్టే ట్రాక్షన్, నడుం బెల్టు ఇవేవీ నడుం నొప్పికి ఇవ్వవద్దంది. వ్యాయామాన్ని ముందుపెట్టింది. తెలిసి కూడా మనం మిషనును ఎందుకు వదలలేకపోతున్నామో నిజాయితీగా చెప్పుకోవాలి. ఒక మనిషికి కరెంటు తగిలించి వదిలేస్తే పక్క బల్ల మీద ఇంకొకరిని చూసుకోవచ్చు. వ్యాయామం నేర్పాలంటే ఆ మనిషి పక్కనే నిలబడాలి, తప్పు చేస్తే దిద్దాలి, రేపు మళ్ళీ చేయించి చూడాలి. గంటకు నలుగురిని చూసే చోట ఇద్దరినే చూడగలం.

రోగులే కరెంటు అడుగుతారు, కాదంటే నొచ్చుకుంటారు అన్నది కూడా నిజమే. రణస్థలం వైపు నుంచి వచ్చిన ఒక రైతు నేను వ్యాయామాలు చూపిస్తుంటే మొహం చిన్నబుచ్చుకుని, “ఇంత దూరం డబ్బు పెట్టుకుని వచ్చింది నా పని నేనే చేసుకోవడానికా అమ్మా?” అన్నారు. ఆయన కోపంలో న్యాయం ఉంది. ఇన్నేళ్ళూ మనమే మిషనును చూపించి డబ్బు తీసుకున్నాం. ఇప్పుడు హఠాత్తుగా అది అనవసరమంటే ఎలా నమ్ముతారు? “మీ మడికి నీళ్ళు ఎటు నుంచి మళ్ళించాలో ఎవరైనా ఒకసారి చూపిస్తారు, రోజూ గట్టు మీదికి వెళ్ళేది మీరే కదా” అన్నాను. ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు, కాని నాలుగు రోజులు వచ్చి నేర్చుకుని వెళ్ళారు. అడిగినవారికి పది నిమిషాలు వేడి కాపడం పెట్టడం తప్పని నేననను. దాని వల్ల కాసేపు హాయిగా ఉంటుంది తప్ప జబ్బు నయం కాదని ముందే చెప్పి పెట్టాలి. హాయిని హాయిగానే అమ్మాలి, మందు పేరుతో అమ్మకూడదు. షుగరుతో స్పర్శ పోయిన పాదానికి వేడి మైనం పెట్టి బొబ్బలెక్కించిన కేసు నా దగ్గరకు వచ్చింది. అలాంటి చోట హాయి కూడా లేదు.

కొందరి విషయంలో ఈ ప్రశ్నకు జవాబు ‘ఒక్క రోజు కూడా రావద్దు’ అన్నదే. రాత్రి నిద్ర లేపే నడుం నొప్పి, సాయంత్రం సన్నటి జ్వరం, తగ్గుతున్న బరువు ఉన్న మనిషిని వెన్నెముక క్షయ ఉందేమో చూడమని వెంటనే పంపాలి. నడుం నొప్పితో పాటు మూత్రం పట్టు తప్పినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా ఆ గంటలోనే పెద్దాసుపత్రికి బండి ఎక్కించాలి. ఇది మనందరం చదువుకున్నదే. చేతికి వచ్చిన కేసును వదులుకోవడం ఇష్టం లేక ‘వారం రోజులు చూద్దాం’ అన్నవారిని నేను చూశాను.

డాక్టరు చెప్పినదానికీ మన కంటికి కనబడేదానికీ పొత్తు కుదరనప్పుడు వచ్చే సంకటం ఇంకొకటి. పలాసలో జీడిపప్పు పనికి వెళ్ళే ఒకావిడ మెడనొప్పి, వేళ్ళ నొప్పులతో వచ్చారు. గంటల తరబడి వంగి కూర్చుని జీడిగింజలు కొట్టే పని. మాటల్లో మాటగా, ఎనిమిది నెలలుగా రోజూ నొప్పి మాత్ర వేసుకుంటున్నానని చెప్పారు. మొదట రాసింది డాక్టరే, ఆ తర్వాత అదే చీటీతో మందుల షాపులో కొనుక్కుంటున్నారు. ఆవిడది ఉద్దానం ఊరు. తోబుట్టువు ఒకరు డయాలసిస్‌లో ఉన్నారు. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బుకు అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. కాని దెబ్బతిన్న మూత్రపిండాలకు డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు ఇంకా చేటు చేస్తాయన్నది తేలిన విషయమే. ఆ చీటీ రాసింది నా దగ్గరకు ఎక్కువమంది రోగులను పంపే డాక్టరు.

మాత్ర రాసే అధికారం మనకు లేదు, ఆపమనే అధికారమూ లేదు. చూసి ఊరుకునే అధికారం అంతకన్నా లేదు. ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాశాను: ఇన్ని నెలలుగా వాడుతున్నారు, ఇంట్లో కిడ్నీ జబ్బు ఉంది, క్రియాటినిన్ పరీక్ష ఈ మధ్య చేయించలేదని అంటున్నారు, దయచేసి చూడగలరు. రోగి ముందే చదివి వినిపించి, ఆవిడ చేతికే ఇచ్చి డాక్టరు దగ్గరకు పంపాను. ఆ డాక్టరు మాత్ర మార్చారు, పరీక్షకు రాశారు, నాతో ఒక్క మాట అనలేదు. తర్వాత మూడు నెలలు నా దగ్గరకు ఎవరినీ పంపలేదు. నాలుగో నెల మళ్ళీ పంపడం మొదలుపెట్టారు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి వచ్చాక పరీక్షకు దూరాభారం కూడా తగ్గింది. ఉద్దానం నుంచి మీ దగ్గరకు వచ్చే ప్రతి మనిషినీ నొప్పి మాత్రల గురించి అడగండి. అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

విజయనగరం వైపు ఉన్న మిత్రులకు ఇంకో రకం ఒత్తిడి తెలుసు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కరణం మల్లీశ్వరి పతకం తెచ్చిన నాటి నుంచి మన పల్లెల్లో బరువు ఎత్తడం ఒక బతుకుదారి అయింది. కొండవెలగాడలో ఇంటింటా కనబడే ఆశ అది. నడుము విరుచుకుపోతున్న పదహారేళ్ళ కుర్రవాడిని తీసుకొచ్చి, “పది రోజుల్లో సెలక్షన్లు, నడుముకు టేపు పట్టీ వేసి పంపండి” అని కోచ్, తండ్రి ఇద్దరూ అడుగుతారు. ఆ గదిలో అందరికంటే ఆఖరున నోరు విప్పేది ఆ కుర్రవాడే. అతనే మన రోగి. డబ్బు ఎవరిచ్చినా సరే. వెన్నుపూసలో చీలిక ఉందేమోనన్న అనుమానం తీరకుండా టేపు వేయకండి. తండ్రిని బయట కూర్చోబెట్టి ఆ పిల్లవాడిని ఒంటరిగా అడిగి చూడండి, మీకే తెలుస్తుంది.

ఒంటరిగా అడగడం ఎంత ముఖ్యమో ఆడవారి విషయంలో మరీ తెలిసింది నాకు. కోడలికి నొప్పి ఎక్కడుందో అత్తగారు చెబుతారు, ఎన్నాళ్ళ నుంచో భర్త చెబుతాడు. ముట్టుకునే ముందు ఏం చేయబోతున్నామో, ఎక్కడ చెయ్యి వేయబోతున్నామో, ఎందుకో ఆ మనిషికే చెప్పి, సరేనన్నాక చెయ్యి వేయాలి. మగ ఫిజియోథెరపిస్టులు ఆడవారికి చికిత్స చేసేటప్పుడు తెర ఉండాలి, ఒక ఆడమనిషి గదిలో ఉండాలి, ఆవిడ వద్దంటే అక్కడితో ఆపాలి. రోగి సిగ్గుపడి మాట్లాడకపోతే దాన్ని ఒప్పుకోలు అనుకోకూడదు. పై చేతి మీద నాలుగు వేళ్ళ అచ్చుతో కమిలిన మచ్చతో వచ్చి “బాత్రూమ్‌లో జారిపడ్డాను” అన్నవారు నా దగ్గరకు ఒకరు కాదు, చాలామంది వచ్చారు. బలవంతంగా నిజం చెప్పించను. నా క్లినిక్‌లో మరుగుదొడ్డి తలుపు లోపలివైపు మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు అంటించి ఉంటుంది. భర్త చూడని చోటు అదొక్కటే. ఆవిడ నాతో చెప్పిన మాటను, బిల్లు కట్టే భర్త ఎంత గుచ్చి అడిగినా చెప్పను.

ఇదే వరుసలో ఫోను గురించి ఒక మాట. పక్షవాతం రోగిని నడిపిస్తూ వీడియో తీసి, పాట కలిపి, క్లినిక్ పేరుతో పెడుతున్నాం. ఆ మనిషి మొదటి రోజు మూతి వంకరగా, చొంగ తుడుచుకోలేక ఉన్న దృశ్యం కూడా అందులో ఉంటుంది. “నడిపించారు కదా, కాదనలేకపోయాం” అని ఒక ఇంటివారు నాతో అన్నారు. కాదనలేని స్థితిలో ఉన్నవారి దగ్గర తీసుకున్న అనుమతి అనుమతి కాదు. దయచేసి ఆపండి.

అన్నిటికంటే బరువైన ప్రశ్న తల్లులు అడుగుతారు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో పనిచేసే మీకు ఇది రోజూ ఎదురవుతుంది. మెదడు దెబ్బతిని కాళ్ళూ చేతులూ అదుపులో ఉండని సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డను ఒళ్ళో పెట్టుకుని “నడుస్తాడా అమ్మా?” అంటారు. రెండేళ్ళకు సొంతంగా కూర్చోగలిగిన పిల్లలకు నడక వచ్చే అవకాశం బాగా ఉంటుందని, నాలుగేళ్ళు దాటినా కూర్చోలేకపోతే అవకాశం చాలా తక్కువని మనకు తెలుసు. తెలిసినా ఆ మాట నాలుక చివరి నుంచి రాదు. ఆశ చంపకూడదని మౌనంగా ఉంటాం. ఆ మౌనాన్ని పట్టుకుని ఆ కుటుంబం ఊరూరా తిరిగి అప్పులపాలవుతుంది. నేను ఇప్పుడు ఒకే సిట్టింగులో అంతా చెప్పను, కాని అబద్ధమూ చెప్పను. “నడక సంగతి నేను మాటివ్వలేను. కూర్చుని తన చేత్తో తాను తినేలా చేయడానికి ఈ ఏడాది కష్టపడదాం” అంటాను. కొందరు తల్లులు ఏడుస్తారు. ఒక్కరు మాత్రం “ఈ మాట మూడేళ్ళ కిందట ఎవరైనా చెప్పి ఉంటే పొలం ఉండేది” అన్నారు.

ఇన్ని రకాలుగా వచ్చే సంకటాలకు మనకు ఒక వేదిక లేదు. చట్టమైతే వచ్చింది. 2021లో పార్లమెంటు జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం చేసింది. మన వృత్తి అందులో ఉంది. రాష్ట్ర మండళ్ళు, వాటి కింద వృత్తి నీతినీ నమోదునూ చూసే బోర్డు ఉండాలని అందులోనే రాసి ఉంది. 2025 సెప్టెంబరులో మన పేరు ముందు ‘డాక్టర్’ అని రాసుకోకూడదని కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ లేఖ ఇచ్చి, మర్నాడే వెనక్కి తీసుకున్నప్పుడు మన వాట్సాప్ గ్రూపులు రాత్రంతా నిద్రపోలేదు. ఆ గౌరవం కోసం పట్టుబట్టడాన్ని నేను తప్పుపట్టను. నేనూ సంతకాలు పెట్టాను. కాని అదే గ్రూపులో “కమీషన్ అడుగుతున్నారు, ఏం చేయాలి?” అని ఒక కొత్త అమ్మాయి అడిగిన ప్రశ్న కింద ఒక్క జవాబూ లేదు. నేనూ రాయలేదు. ఆ సిగ్గే ఈ ఉత్తరానికి మూలం.

నేను అడిగేది పెద్దది కాదు. నెలకు ఒక ఆదివారం చీపురుపల్లిలో కలుద్దాం. రెండు జిల్లాల వారికీ మధ్యలో ఉంటుంది, రైలూ బస్సూ ఉన్నాయి. ఎవరు వచ్చినా తమకు జవాబు దొరకని కేసు ఒకటి తేవాలి. రోగి పేరు, ఊరు చెప్పకూడదు. అక్కడ విన్నది బయట అనకూడదు. కొత్తవారు ముందు మాట్లాడాలి, పెద్దవారం తర్వాత. ఆ లోపల మన క్లినిక్‌లలో ఒక చిన్న పని మొదలుపెట్టవచ్చు. మొదటి రోజే ఒక కాగితం మీద తెలుగులో, ఇన్నిసార్లు రావాలనుకుంటున్నాం, ఇంత మెరుగైతే ఆపుతాం, ఇన్నిసార్లకూ మార్పు లేకపోతే ఇంకొకరి దగ్గరకు పంపుతాం అని రాసి రోగి చేతికివ్వాలి. నేను ఆరేళ్ళుగా ఇస్తున్నాను. అంచనా చాలాసార్లు తప్పింది. తప్పినప్పుడు కొట్టేసి, కారణం చెప్పి, కొత్త అంకె వేస్తాను. ఇంతవరకు ఎవరూ కోప్పడలేదు.

చీపురుపల్లికి మొదటి కేసు నేనే తెస్తాను.

ఒక తాపీ మేస్త్రీ. నలభై ఎనిమిదేళ్ళు, ఎడమ వైపు పక్షవాతం, ఇద్దరు ఆడపిల్లలు. రెండు నెలలకు కర్ర పట్టుకుని నాలుగు అడుగులు వేశాడు. ఆ రోజు నేను బండి తీస్తుంటే అతని భార్య వీధిలోకి వచ్చి, ఎవరూ వినకుండా, “అమ్మా, సదరం క్యాంపు అయ్యేదాకా ఆయనను మరీ నడిపించకండి” అంది. వైకల్యం ఎంత శాతమో డాక్టర్ల బోర్డు చూసి సర్టిఫికెట్ ఇచ్చే క్యాంపు అది. 2024 జులై నుంచి మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన పక్షవాత రోగికి నెలకు పింఛను 15,000 రూపాయలు, మిగిలిన వికలాంగులకు 6,000. అతను నాలుగు అడుగులు వేస్తే ఆ ఇంటికి నెలకు తొమ్మిది వేలు పోతాయి. వైకల్యం నలభై శాతం కంటే తక్కువని తేలితే ఆ ఆరు వేలూ లేవు. 2025లో పింఛన్లను మళ్ళీ పరిశీలించినప్పుడు పింఛను పోతుందేమోనని ఊరు ఊరంతా వణికింది. ఆమెను అబద్ధం ఆడమంటోందని కసరడం నా వల్ల కాలేదు. అతని కూలి ఆగిపోయి రెండు నెలలైంది.

“అక్కా, మెదడు తిరిగి నేర్చుకునేది ఎక్కువగా ఈ మొదటి మూడు నుంచి ఆరు నెలల్లోనే. ఇప్పుడు ఆపితే ఆ అడుగులు తర్వాత తిరిగి రాకపోవచ్చు” అని చెప్పాను. చికిత్స ఆపనని, లేని వైకల్యాన్ని కాగితం మీద రాయనని, అలాగని మీ ఇంటి మాట ఎవరికీ చేరవేయనని, బోర్డు డాక్టర్లే చూసి నిర్ణయిస్తారని కూడా చెప్పాను. ఆమె కాదనలేదు, అవుననలేదు. మర్నాడు నేను వెళితే తలుపు తెరిచింది. అప్పటికి నాకు తట్టింది, ఈ విషయం ఆమే నేనూ మాట్లాడుకున్నాం తప్ప అతణ్ణి ఎవరమూ అడగలేదని. మంచం పక్కన కూర్చుని, నడవాలని ఉందా అని అడిగాను. మాట ముద్దముద్దగా వస్తోంది. రెండుసార్లు అడిగించుకుని చెప్పాడు. అతను అడిగినది నడక గురించి కాదు.

“ఇంకెన్ని రోజులకు పరంజా ఎక్కుతాను?”

ఎడమ కాలిలో బలం కొంత వస్తుంది. పాదం కింద ఏముందో తెలిసే స్పర్శ సరిగా తిరిగి రాలేదు. పరంజా మీద రెండు వెదురుబొంగుల మధ్య నిలబడి, తాపీతో గోడకు సిమెంటు కొట్టే మనిషికి ఆ స్పర్శే ప్రాణం. నాకు తెలిసినంతలో అతను మళ్ళీ పరంజా ఎక్కడు. ఆ మాట అంటే రేపటి నుంచి వ్యాయామం మానేస్తాడేమోనని భయం. అనకపోతే నేను పొందూరు ఆవిడకు చెప్పిన ‘ఇంకో పది రోజులు’ ఇంకోసారి చెప్పినట్టే. నేల మీద కూర్చుని చేయగల తాపీ పని ఏదైనా ఉందా అని అతని పాత మేస్త్రీని అడిగాను, ఇంకా కబురు రాలేదు. వచ్చే మంగళవారం మళ్ళీ వెళ్ళాలి. అతనికి ఇంకా జవాబు చెప్పలేదు.

ఇట్లు
మీ తోటి ఫిజియోథెరపిస్టు
శ్రీకాకుళం